ప్రపంచ మార్కెట్‌ను వెంటేసుకుని పర్ణశాల దాకా

మా ఆయనతో ప్రయాణం కట్టాలంటే ముందు మలేషియాలో వానలు పడుతున్నాయో లేదో కనుక్కోవాలి. పడితే పామాయిల్ రేటు తగ్గుద్దని మొహం ముడుచుకుంటాడు. పడకపోతే పెళ్ళికొడుకులా తిరుగుతాడు. ఆ శనివారం పొద్దున ఆరున్నరకు మేం కల్లూరు బస్టాండులో నిలబడేసరికి అక్కడ చినుకు లేదట. అందుకే సంచులు రెండూ ఆయనే మోశాడు. మూడో సంచి, మామిడికాయలది, నేను పట్టుకున్నా.

అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. కల్లూరు పక్కన మాకు మామిడి తోట ఉంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో బిందెలతో నీళ్ళు మోసి బతికించుకున్న తోట. పోయిన దసరా నుంచి దాన్ని నరికించి ఆయిల్ పామ్ వేయాలని మా ఆయనకు పూనకం పట్టింది. "మామిడికి ప్రపంచ మార్కెట్లో రేట్ల బోర్డే లేదే. పొద్దున లేచి రేటు ఎక్కడ చూసుకోవాలి నేను?" అంటాడు. చూసుకోవడం ఎందుకు, కోసుకు తినక! ఏడ్చాను, తిట్టాను, వంట మానేశాను. హోటల్ ఇడ్లీ తెచ్చుకుని తిన్నాడు గానీ మాట మార్చలేదు. చివరికి విసుగెత్తి నోరు జారాను. "నన్నొక్కసారి భద్రాచలం, పర్ణశాల తిప్పుకు రండి. తర్వాత మీ ఇష్టం. నేను అడ్డం చెప్తే అడగండి" అన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఖమ్మం దాటించని మనిషి, తెల్లారేసరికి ప్రోగ్రామ్ రాసేశాడు. శనివారం అశ్వారావుపేటలో ఆయిల్ పామ్ తోట చూపించడం, రాత్రికి భద్రాచలం, ఆదివారం పర్ణశాల. శని, ఆదివారాలు ప్రపంచ మార్కెట్‌కు సెలవు కాబట్టి ఆయనకు ఒక్క పైసా నష్టం లేదు. సోమవారం చెట్లు నరికేవాడు రంపాలతో వస్తాడు. కలప అమ్మినట్టు వాడి దగ్గర బయానా కూడా పుచ్చేసుకున్నాడు. మాటిచ్చిన పాపానికి నేను నోరు కట్టేసుకుని బస్సెక్కాను.

సత్తుపల్లి బస్సులో కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకు ఉచితం గాబట్టి జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. ఆయన దగ్గర మాత్రం డబ్బులు తీసుకుంది. "ఇట్లాంటి సబ్సిడీల వల్లే మార్కెట్ పాడైపోయేది" అన్నాడు గట్టిగా.

"నువ్వు పెట్టబోయే పామాయిల్ మొక్కలకు సర్కారు ఇచ్చేది ఏందయ్యా మరి?" అంది వెనక సీట్లో ముసలామె. ఎక్కినప్పటి నుంచి మా మాటలు వింటున్నట్టుంది.

"అది వేరు" అన్నాడు.

"అవ్, ఎవలది వాళ్ళకు వేరే ఉంటది" అని ఆమె వక్కాకు నోట్లో వేసుకుంది.

పక్క సీటాయన బేతుపల్లి వైపు మిరప రైతు. మా ఆయన చేతిలో ఫోన్ మీద ఎర్ర గీతలు, పచ్చ గీతలు చూసి ఏం చేస్తారని అడిగాడు. ఇంకేముంది, అడగకూడనిది అడిగాడు పాపం. మా ఆయన తన జీవిత చరిత్ర మొదలుపెట్టాడు. నేను వందోసారి విన్నాను గాబట్టి మీకు కుదించి చెప్తా.

ఆయన చిన్నతనంలో మా మామగారితో కలిసి మిరప బస్తాల మీద కూర్చుని లారీలో ఖమ్మం మార్కెట్‌కు వెళ్ళేవాడు. అక్కడ పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. యార్డులో అన్నిటికంటే మంచి సరుకుకు ఆ రోజు పలికే ధర అది. ఒక ఏడు అందరూ వచ్చిన కాడికి అమ్ముకుంటుంటే, ఈయన మాత్రం రేడియోలో ఏదో దేశంలో మిరప తడిసిందని విని, బస్తాలు దించనివ్వలేదు. మామగారు చెప్పు తీసుకున్నారట. పక్షం తిరక్కుండా రేటు లేచింది. ఆ రోజుతో మా ఆయనకు జ్ఞానోదయమైంది. కల్లూరులో పడే వాన కన్నా కనపడని దేశంలో పడే వాన ముఖ్యం అని. అప్పట్నుంచి పత్తికి అమెరికా, మిరపకు చైనా, పామాయిల్‌కు మలేషియా. పసుపులో మేడ మీద గది లేపాడు. జీలకర్రలో ఆ గదికి తలుపులు పెట్టలేకపోయాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని "మలేషియా" అనే పిలుస్తారు. పాస్‌పోర్టు అయితే లేదు. కాకపోతే ఒక్కటి ఒప్పుకోవాలి, లాభమైనా నష్టమైనా ఇచ్చిన మాట నుంచి ఏనాడూ వెనక్కి పోలేదు. యార్డులో మాట తప్పినవాడి గడప మళ్ళీ ఎవడూ తొక్కడంటాడు.

మిరప రైతు అంతా విని, "అయితే కొన్న సామానంతా యాడ పెడ్తరు సారూ?" అన్నాడు.

"సరుకు మన ఇంటికి రాదు. ఫోన్లో కొంటా, ఫోన్లో అమ్ముతా. డెలివరీ అనేదే ఉండదు."

"అంటే సూడకుండనే కొంటరా?"

"అవును."

"మా బామ్మర్ది గూడ గట్లనే బర్రెను కొన్నడు. అది ఈనదని తెల్సేటాళ్ళకు ఏడాదైంది" అని సత్తుపల్లిలో దిగిపోయాడు. అక్కడ బస్సు మారాక మా ఆయన అశ్వారావుపేట దాకా ఫోన్లో గీతలే చూసుకున్నాడు.

పదింటికి అశ్వారావుపేటలో దిగి, బస్టాండు ఎదురుగా పూరీ తిని, ఆటో మాట్లాడుకుని తోటకు వెళ్ళాం. ఆటో కిరాయికి రానూపోనూ మూడొందలడిగాడు, రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. దారి పొడుగునా గెలలు నింపుకున్న ట్రాక్టర్లు మిల్లు వైపు పోతున్నాయి. తోట చల్లగానే ఉంది, కాదనను. పొడుగాటి కర్రకు కొడవలి కట్టి ఒకతను గెల కోసి కింద పడేశాడు. ఇన్నేళ్ళుగా పామాయిల్ కొని అమ్మిన మనిషి, పామాయిల్ గెలను కళ్ళతో చూడటం అదే మొదలు. పసిపిల్లను ఎత్తుకోబోయినట్టు రెండు చేతులా వంగాడు. దానికి నిండా ముళ్ళు! "అమ్మో" అని ఎగిరాడు. వేలి నుంచి నెత్తురు. నా కొంగు చింపి కట్టు కట్టాల్సొచ్చింది. పాతచీరే లెండి.

తోట ఆసామి మంచివాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆదాయం బాగనే ఉంటది. కోసిన గెల కోసినట్టే మిల్లుకు పోతది. ఇంకో సుకమేందంటే దొంగల బాధ లేదు. ఎందుకంటరా, ఎవ్వడు తినడు గద!"

ఆ మాటకు మా ఆయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా తోటలో దొంగతనానికొచ్చిన పిల్లలను తరమడమే నాకు ఎండాకాలం పని. ఎవరూ రాని తోటలో నేనేం చేయాలి? ఆ చెట్లు కూలిన చప్పుడు అప్పుడే చెవిలో పడినట్టయి, మంచినీళ్ళు తాగే నెపంతో కాస్త దూరం పోయి ఏడ్చాను.

మధ్యాహ్నం పులిహోర పొట్లం బస్సులోనే తిన్నాం. పాల్వంచలో బస్సు మారి, సారపాక దాటి గోదావరి వంతెన మీదికొచ్చేసరికి నాలుగున్నర అయింది. బస్సులో ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి నీళ్ళలోకి చిల్లర విసిరారు. నేనూ విసిరాను. "లిక్విడిటీ" అన్నాడు మా ఆయన. ఏమన్నాడో నాకర్థం కాలేదు, అడగనూ లేదు. గుడికి దగ్గర్లో గది దొరికింది. ఏసీ లేనిది ఆరొందలు. ఫ్యాను తిరుగుతుంటే పక్కింటి పిండిమర ఆడినట్టుంది. వెళ్ళేవాళ్ళు ఇంకో రెండొందలు పోయినా మంచి గది చూసుకోండి.

ఆదివారం పొద్దున్నే దర్శనం బాగా అయింది. రాముడి ముందు నిలబడి ఒక్కటే అడిగాను. "నేను మాటిచ్చాను, నేను తప్పలేను. నువ్వేదన్నా చూడు నాయనా" అన్నాను. పక్కన మా ఆయన కళ్ళు మూసుకుని ఏం కోరుకున్నాడో నాకు తెలుసు. రెండూ ఒకేసారి నెరవేరే కోరికలు కావు.

తొమ్మిదింటికి పర్ణశాల ఆటో. అక్కడ ఒకాయన సీతమ్మ చీర ఆరేసిన గుర్తులు, పసుపు కుంకుమ రాళ్ళు చూపించి, బంగారు లేడి వచ్చింది ఇక్కడికే అని చెప్పాడు. నేనూరుకుంటానా? "చూశారా, బంగారం వెంట పడ్డవాళ్ళకు మొదటి నష్టం వచ్చింది ఇక్కడే" అన్నాను.

"రాముడు స్టాప్ లాస్ పెట్టుకోలేదు. నష్టం ఇంతకు మించకుండా ముందే గీత గీసుకోవాలి" అన్నాడు మా ఆయన చాలా బాధగా.

"పెట్టాడు గదండీ, లక్ష్మణుణ్ణి" అన్నాడు చూపించేవాడు. వాడికి పది రూపాయలు ఇవ్వాల్సింది ఇరవై ఇచ్చాం.

పర్ణశాల నుంచి అడవి వైపు కొంచెం లోపలికి వెళ్తే లచ్చక్క వాళ్ళ ఊరు. కోయవాళ్ళ ఊరు. లచ్చక్క ఏటా చలికాలంలో తన ముఠా ఆడవాళ్ళను తీసుకుని మా మిరప చేను ఏరడానికి వస్తుంది. నెల పైన మా మామిడి చెట్ల కిందే గుడిసెలేసుకుని ఉంటారు. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే బాగుండదని ముందే ఫోన్ చేశాను. "ఏం తేవొద్దు అక్కా, ఉత్తగనే రా" అంది. ఎవరైనా అట్లాగే అంటారు గదా! ఉత్త చేతులూపుకుంటూ ఎవరింటికి పోతాం? అందుకే మా చెట్టు కాయలు, పచ్చడికి పప్పులోకి వస్తాయని, సంచి నిండా కోసుకెళ్ళాను.

ఊళ్ళో ఆటో దిగగానే మా ఆయన కొయ్యబారిపోయాడు. ఏ ఇంటి ముందు చూసినా మామిడి చెట్టే. కొమ్మలు విరిగేంత కాపు. రాలిన కాయలు కిందే పడున్నాయి. ఏరేవాళ్ళు లేరు.

"చూశావటే!" అని నా మోచేయి పట్టుకున్నాడు. "సరుకు బిగబట్టారు. రేటొచ్చేదాకా ఒక్క కాయ బయటికి రాదు. ఊరు ఊరంతా ఒక్క మాట మీదుంది. ఆ చమురు దేశాలు కూడా ఇట్లా ఉండలేవు, ఎవడో ఒకడు చాటుగా అమ్మేస్తాడు. ఇక్కడ చూడు, రాలినకాయ కూడా ముట్టడం లేదు!"

లచ్చక్క ఎదురొచ్చి నా చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పందిరి కింద నులక మంచం వేసింది. ఆమె నీళ్ళు తేబోయేలోపు ఊరి పటేల్ వచ్చాడు. పటేల్ అంటే ఊరికి పెద్ద. సన్నగా, తెల్ల మీసాలతో, తక్కువ మాట్లాడే మనిషి. మా ఆయన ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అభినందనలు మొదలుపెట్టాడు. మీరు చేస్తున్నది చాలా గొప్ప పని, ఇట్లాగే గట్టిగా ఉండండి, ఒక్కడు బలహీనపడ్డా మార్కెట్ పడిపోద్ది అని ఒకటే చెప్పడం. పటేల్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ మర్యాదగా తలూపుతున్నాడు. ఆ తలూపు చూసి ఈయనకు ఇంకా ఉత్సాహం.

"కానీ క్వాలిటీ కూడా చూసుకోవాలి" అని మా సంచిలోంచి ఒక కాయ తీశాడు. జేబులో చాకుతో కోశాడు. నా టిఫిన్ డబ్బాలోని ఉప్పూ కారం అద్ది కరకరా కొరికాడు. "పులుపంటే ఇదీ!" అని ఒక ముక్క పటేల్ చేతిలో పెట్టబోయాడు.

పటేల్ చేయి వెనక్కి లాక్కున్నాడు. నీళ్ళ చెంబుతో వచ్చిన లచ్చక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో సారూ! ఏం పని జేసినవ్!"

పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు. కోయలో ఏదో అనుకున్నారు. లచ్చక్క నా దగ్గరికొచ్చి చెప్పింది. "మామిడి కొత్త ఇంక కాలే అక్కా. దేవునికి పెట్టి పండుగ జేసినంకనే మేము కొత్తకాయ ముడ్తం. ఊరోళ్ళందరు ఇంటికి రావాలె, అప్పుడు చేస్తం. ఇంకో ముఠా గుంటూరు దిక్కు మిరప చేలల్లనే ఉంది. వాళ్ళు రాకుండ మేమెట్ల తింటం?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. సంచి ఎక్కడ దాచాలో తెలియలేదు. మా ఆయన పరిస్థితి ఇంకా ఘోరం. నోట్లో ముక్క అట్లాగే ఉంది. మింగితే తప్పు, ఉమ్మితే అంతకన్నా తప్పు. బుగ్గ ఉబ్బించుకుని అందరి మొహాలూ చూస్తున్నాడు.  చివరికి ఎట్లాగో మింగి, "ఇది మా ఊరి కాయ. మీ చెట్టుది కాదు గదా!" అన్నాడు.

"తిన్నది మా నేల మీద గద" అన్నాడు పటేల్.

 పెద్దమనుషులు నలుగురు కూర్చుని కాసేపు మాట్లాడుకున్నారు. గాలివాన వస్తే, పిల్లలకు జ్వరమొస్తే ఎవరిది పూచీ అని ఒకాయన గట్టిగానే అడిగాడు. ఆ మాటకు మా ఆయన మొహం పాలిపోయింది. ఊరికే తెలియక చేసినా, వాళ్ళ భయం నిజమైన భయం. చేతులు జోడించి, ఏం చేయమంటే అది చేస్తానన్నాడు. నాకు ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

పటేల్ తీర్పు చెప్పాడు. ఒక కోడి, ఒక కొబ్బరికాయ ఇప్పుడే ఇవ్వాలి. కోడి పెద్దదై ఉండాలని రెండుసార్లు చెప్పాడు. తర్వాత, "ఏ చెట్టు కాయ తిన్నవో ఆ చెట్టు కాయలే కొత్తనాడు తేవాలె. దేవుని ముందట పెట్టాలె. ఇంటికొక కాయ పంచాలె."

"తప్పకుండా. ఎప్పుడు?" మా ఆయన ఫోన్ తీశాడు, తేదీ గుర్తు పెట్టుకోవడానికి.

"అందరు వచ్చినంక."

"అదే, ఏ తేదీ?"

"తేదీ ఏంది సారూ? అందరు వచ్చినంక."

"ఒకవేళ నేను మార్కెట్లో మంచి కాయలు కొని తెస్తే?"

"ఆ చెట్టువే తేవాలె."

మా ఆయన నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి, "మాటవరసకు అడుగుతున్నా. ఆ చెట్టు లేకపోతే?" అన్నాడు.

"చెట్టు యాడికి పోతది సారూ?" అన్నాడు పటేల్. పందిట్లో అందరూ నవ్వారు. లచ్చక్క అందరికన్నా గట్టిగా నవ్వింది. "మేము కింద పండుకునే చెట్లే గద అవి. మా ఇళ్ళ కంటె సల్లగుంటయ్!" అంది.

నేను ఒక్క మాట అనలేదు. అడ్డం చెప్పనని మాటిచ్చాను గదా! నోరు మూసుకోవడం ఇంత సుఖంగా ఉంటుందని ఆ పూటే తెలిసింది.

మా ఆయన లేచి పటేల్ చేతిలో చేయి వేశాడు. "మాట ఇస్తున్నా" అన్నాడు. ఇక అంతే, ఆ మాట గోడలాంటిది. కోడి ఊళ్ళోనే ఐదొందలకు దొరికింది. మిగతా కాయల సంచి ఊరి బయట వేపచెట్టుకు వేలాడదీసి వచ్చాకే మాకు అన్నం పెట్టారు. ఎండుచేపల కూర బ్రహ్మాండంగా ఉంది. మా ఆయన మారు అడిగాడు. రెండింటికి ఆటో ఎక్కేటప్పుడు లచ్చక్క ఆయన్ని ఆటపట్టించింది. "వచ్చే యేడు గూడ తెండి సారూ. ఒకసారి పెట్టినంక దేవుడు అలవాటు పడ్తడు!"

భద్రాచలంలో నాలుగింటికి సత్తుపల్లి బస్సు దొరికింది. నాకు జీరో టికెట్, ఆయనకు మామూలే. ఈసారి సబ్సిడీల గురించి ఏమీ అనలేదు. ఆయన ఒళ్ళో, వేపచెట్టు నుంచి దించి తెచ్చుకున్న ఆ మామిడికాయల సంచి. ఊళ్ళోకి తేవద్దన్నారు, పారేయడానికి ఈయనకు భయం. ఆ దారిలో మీరెవరైనా వెళ్తే చెప్తున్నా, అడవి దారి అందంగా ఉంటుంది, మనుషులు ఆదరిస్తారు, బస్సులు టైముకే ఉన్నాయి. ఎవరైనా ఉత్తగనే రమ్మంటే మాత్రం ఉత్తగనే వెళ్ళండి.

వంతెన దాటాక మా ఆయన లెక్కలు మొదలుపెట్టాడు. "ఇప్పటిదాకా ప్రపంచమంతా కొన్నాను, అమ్మాను. ఒక్కసారి కూడా డెలివరీ ఇవ్వాల్సి రాలేదు. ఇప్పుడు చూడు, తేదీ లేని డెలివరీ!" అని నిట్టూర్చాడు. వేళ్ళు లెక్కపెట్టి, "అయినా పర్లేదు. ఒక్క చెట్టు ఉంచితే సరిపోద్ది. మిగతావి రేపు కొట్టించేయొచ్చు" అన్నాడు.

నేను ఆయన ఒళ్ళోని సంచి వైపు చూశాను.

"ఇంతకీ ఆ కాయ ఏ చెట్టుదే?"

ఆ సంచిలో ప్రతి కాయా గట్టు మీది చెట్టుదే. నేనే ఎక్కి కోశాను. ఆ చెట్టు పులుపు నిద్రలో నాలిక మీద పెట్టినా చెప్తాను. పొద్దున రాముణ్ణి చూసొచ్చినదాన్ని, పొద్దు కుంకక ముందే అబద్ధానికి దిగాను.

"ఏమోనండీ. తోటంతా తిరిగి చెట్టుకు రెండు మూడు కోశాను. అన్నీ కలిసిపోయాయి" అన్నాను.

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే?"

"మీ ఫోన్లో చూడండి."

సంచిలోంచి కాయలు ఒక్కొక్కటే తీసి తిప్పి చూశాడు. వాసన చూశాడు. ముందు సీటాయనకు ఒకటి చూపించి, "ఇది ఏ చెట్టుదో చెప్పగలవా?" అని కూడా అడిగాడు. ఆయన జాలిగా చూసి మొహం తిప్పుకున్నాడు. పాల్వంచ దాటాక మా ఆయన ఫోన్ తీసి చెట్లు నరికేవాడికి కలిపాడు.

"రేపు రావొద్దయ్యా... నీ బయానా నీకిచ్చేస్తా... ఎక్కువ రేటుకు ఎవరికీ అమ్మలేదు, ఒట్టు... ఎప్పటిదాకానా? ఏ చెట్టో తేలేదాకా ఏ చెట్టూ ముట్టడానికి లేదు!"

అది తేల్చగలిగిన మనిషి ఆయన పక్క సీట్లోనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.